కొలువు ఎత్తిపెట్టే రోజే లెక్క రాయాలి

మా ఇంట్లో బొమ్మలు ఎన్ని ఉన్నాయని అడిగితే ఒక్కొక్కరం ఒక్కో లెక్క చెప్తాం. మా అత్తగారు "నాలుగొందలకి తక్కువుండవు" అంటారు. మా ఆయన "నాలుగు పెట్టెలు" అని ఊరుకుంటారు. 2019 సంక్రాంతికి నేను పనిగట్టుకుని లెక్కపెడితే 347 వచ్చాయి. మర్నాడు మా అమ్మాయి లెక్కపెడితే 331. ఇద్దరిలో ఎవరూ తప్పు లెక్కపెట్టలేదు. పెళ్ళి ఊరేగింపు సెట్టులో పల్లకీ, బోయీలు, సన్నాయివాళ్ళు, వెనక నడిచే పేరంటాళ్ళు అన్నీ కలిపి పదిహేడు బొమ్మలుంటాయి. నేను పదిహేడూ లెక్కపెట్టాను. అది మొత్తాన్నీ ఒకటనుకుంది. ఆ పదహారే తేడా.

మాది గుడివాడ వైపు. చాలామంది దసరాకి కొలువు పెడతారు, మాకు సంక్రాంతికి. భోగి రోజు సాయంత్రానికి మెట్లు కట్టి, దుప్పట్లు పరిచి, బొమ్మలు ఎక్కించేస్తాం. పిల్లలకి భోగిపళ్ళు, పేరంటం, హారతి. ముక్కనుమ రోజు ఒక బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు అన్నీ ఎత్తిపెట్టేస్తాం. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలని పట్టింపు. మా అత్తగారి అమ్మగారి నుంచి లెక్కేసుకుంటే ఎనభై ఏళ్ళ కొనుగోళ్ళు ఆ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. కొండపల్లి చెక్క, ఏటికొప్పాక లక్క, పెయింటు వేసిన మట్టి, మదరాసు నుంచి వచ్చిన కాగితపు గుజ్జు, మధ్యలో ఎవరో ఇచ్చిన రెండు పింగాణీ బాతులు. ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క కాగితం ముక్క మీద కూడా ఏం ఉన్నాయో రాయలేదు. రాయకూడదని మా అత్తగారి అభిప్రాయం. "పిల్లల్నీ బొమ్మల్నీ లెక్కపెట్టకూడదమ్మాయ్, దిష్టి" అనేవారు. నేనూ చాలాకాలం ఆ మాట దాటలేదు. నిజం చెప్పాలంటే భక్తితో కాదు, బద్ధకంతో.

2016లో సచివాలయం వెలగపూడికి మారినప్పుడు మేమూ హైదరాబాదు నుంచి విజయవాడకి సామాన్లు సర్దుకున్నాం. సామాన్లు తరలించేవాళ్ళు ఒక ఫారం ఇచ్చి, ఏ వస్తువులు, ఎంత విలువ అని రాయమన్నారు. ఫ్రిజ్జుకీ టీవీకీ మోడల్ నంబరుతో సహా రాశాం. బొమ్మల దగ్గరకొచ్చేసరికి "పాత బొమ్మలు, 5 పెట్టెలు" అని రాసి, విలువ గడిలో రెండు వేలు వేశాం. విజయవాడలో దిగినవి నాలుగు పెట్టెలు.

పెట్టె పోయిందని ఫోన్ చేస్తే వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అందులో ఏమేమున్నాయి మేడమ్?"

నాకు తెలీదు. మా అత్తగారికీ తెలీదు. పోయింది ఏ పెట్టో తెలుసు, ఆకుపచ్చది, గొళ్ళెం దగ్గర సొట్ట ఉన్నది. లోపల ఏముందో చెప్పలేకపోయాం. మా ఆయన కోపంగా ఏదో అనబోయి, చెప్పడానికేమీ లేక ఫోన్ పెట్టేశారు. పోయినవేమిటో మాకు అర్థమవడానికి 2017 సంక్రాంతి రావాల్సి వచ్చింది. మెట్లు నిండుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. "అంబారీ ఏనుగు ఏదీ?" "సెట్టిగారూ సెట్టెమ్మా, వాళ్ళ చిన్న చిన్న పప్పు డబ్బాలూ?" "తాటిచెట్టు ఎక్కేవాడు?" అలా పదకొండు వరకూ వచ్చి ఆగాం. పెట్టెలో పదకొండే ఉన్నాయనుకోను. మిగిలినవి ఎవరికీ గుర్తు కూడా లేవు.

అప్పుడు చుట్టాలందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: కొలువు ఫోటోలు చూసుకోండి. చూశాం. ఐదారేళ్ళ ఫోటోలు అరవై దాకా దొరికాయి. ప్రతి ఫోటోలోనూ మెట్ల ముందు పిల్లలు నిలబడి ఉన్నారు. పై మెట్టు మీద ఫ్లాష్ పడి తెల్లగా మెరిసిపోయింది. ఏనుగు తొండం ఒక పట్టులంగా పక్క నుంచి కనబడింది. సెట్టిగారు హారతి పళ్ళెం వెనక ఉన్నారు. ఫోటోలు బాగానే ఉన్నాయి, పండగ ఎంత బాగా జరిగిందో చెప్తున్నాయి. ఏ మెట్టు మీద ఏముందో మాత్రం సగం కూడా చెప్పలేదు. ఏ పెట్టెలో ఏముందో అసలు చెప్పవు.

పెద్ద బొమ్మల కొలువు ఉన్నవాళ్ళందరితో ఇప్పుడు నేను ఈ ఒక్క విషయం మీదే వాదన వేసుకుంటున్నాను. లెక్క రాయాల్సింది బొమ్మలు పెట్టే రోజు కాదు, ఎత్తిపెట్టే రోజు. పెట్టే రోజున చేతిలో తీరిక ఉండదు. పిండివంటలు పొయ్యి మీద ఉంటాయి, పిలుపులకి వెళ్ళాలి. బొమ్మ చేతికి రాగానే మన కళ్ళు మెట్టు మీద చోటు వెతుకుతాయి తప్ప బొమ్మని చూడవు. ఎత్తిపెట్టే రోజున ఇల్లు ఖాళీ. చుట్టాలు వెళ్ళిపోయారు. ప్రతి బొమ్మనీ ఎలాగూ చేతిలోకి తీసుకుని, దుమ్ము తుడిచి, తిరగేసి చుట్టాల్సిందే. ఈ ఏడాది ఎవరి మోచెయ్యి తగిలి ఎవరి వేలు విరిగిందో ఆ రోజే బయటపడుతుంది. చెక్క బొమ్మ కింద దుప్పటి మీద సన్నని పిండి రాలి ఉంటే లోపల పుచ్చు పురుగు ఉన్నట్టు. అది కూడా బొమ్మ ఎత్తినప్పుడే కనబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బొమ్మ రాబోయే ఏడాది మొత్తం ఎక్కడుంటుందో నిర్ణయమయ్యేది ఆ నిమిషంలోనే. మూడో పెట్టె, కింది వరస, కిటికీ వైపు. ఆ నిమిషంలో రాయకపోతే తర్వాత రాసేదంతా ఊహే.

మా మామగారు బియ్యం మిల్లులో గుమస్తా. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో రెండు మాటలు వినబడేవి, చిట్టా, ఆవర్జా. ఏ పూటకి ఆ పూట జరిగింది జరిగినట్టు రాసుకునేది చిట్టా. దాన్ని తర్వాత తీరిగ్గా పేర్లవారీగా విడగొట్టి ఎక్కించేది ఆవర్జా. చిట్టా లేని ఆవర్జా ఎంత అందంగా ఉన్నా అబద్ధమే అనేవారాయన. బొమ్మల విషయంలో నేను చేసిన మొదటి తప్పు అదే. 2018లో లాప్‌టాప్‌లో పదహారు గడులతో ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. పేరు, ఊరు, చెక్క రకం, ఎత్తు, రంగు, కొన్న ఏడు, ధర, దేవుడా మనిషా జంతువా... నలభై బొమ్మల దాకా నింపి, ధర గడిలో అన్నీ ఖాళీలే కనబడుతుంటే విసుగొచ్చి వదిలేశాను. అది నేరుగా ఆవర్జా రాయబోవడం.

ఇప్పుడున్నది 200 పేజీల రూళ్ళ నోటుపుస్తకం. ముగ్గురం కూర్చుంటాం. ఒకరు తుడిచి చుడతారు, ఒకరు పేరు పైకి చెప్తారు, ఒకరు రాస్తారు. నంబరు, పేరు, పెట్టె, ఏదైనా దెబ్బ ఉంటే దెబ్బ. అంతే. "42. గంగిరెద్దు. పెట్టె 2. ఎడమ కొమ్ము వదులైంది." మొదటి ఏడు అన్నిటికీ నంబర్లు వేసుకుంటూ రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి అయిపోతుంది. పుస్తకం మొదటి పెట్టెలో అన్నిటికన్నా పైన ఉంటుంది. ఫోటో తీసి పిల్లల ఫోన్లకి పంపుతాం, ఎక్సెల్ షీటు కూడా మా అమ్మాయి నింపుతోంది. కానీ ఫోన్లు మారతాయి, పాస్‌వర్డ్‌లు మర్చిపోతాం. పెట్టె తెరిచినవాళ్ళకి ముందు పుస్తకమే కనబడాలి.

ఇక నంబరు బొమ్మ మీద ఎలా వేయాలనేది. ఇది చిన్న విషయమనుకుని చాలా పాడుచేశాను.

మొదట స్టిక్కర్లు అంటించాను. రెండేళ్ళకి జిగురు ఎండి సగం ఊడిపోయాయి, ఊడనివాటిని లాగితే మట్టి బొమ్మల పెయింటు పొరలుగా వచ్చేసింది. తర్వాత ఎవరో గోళ్ళ రంగు పూసి దాని మీద పెన్నుతో రాయమన్నారు. దానికీ సిద్ధపడ్డాను కానీ అంతకుముందే ఒక గుణపాఠం అయింది. కరోనా తర్వాతి సంక్రాంతి, 2021. పేరంటానికి వచ్చిన పిల్లలు బొమ్మలు ముట్టుకున్నారు కదా అని ఎత్తిపెట్టే ముందు అన్నిటినీ శానిటైజరుతో తుడిచాను. కొండపల్లి వాటికి పెద్దగా ఏమీ కాలేదు. ఏటికొప్పాక చక్రాల బండి మాత్రం చేతికి అంటుకుంది. పసుపూ ఎరుపూ కలిసి జిడ్డుగా గుడ్డ మీదకి వచ్చేశాయి.

ఆలోచిస్తే తప్పంతా నాదే. ఏటికొప్పాక బొమ్మ మీద ఉన్నది మామూలు పెయింటు కాదు. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజరులో ఉన్నది ముప్పాతిక వంతు అదే. ఆ ఊళ్ళో గింజలు, ఆకులు, బెరళ్ళ నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ నిలబెట్టడానికి సి.వి. రాజు గారు ఏళ్ళ తరబడి పనిచేశారు, 2023లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. అలాంటి రంగుని నేను ఐదు నిమిషాల్లో తుడిచేశాను. ఆ దెబ్బతో గోళ్ళ రంగు ఆలోచన కూడా మానేశాను. చిట్టాలో ఆ బండి పక్కన "శానిటైజర్, నేనే" అని ఉంటుంది.

మ్యూజియాల్లో అయితే ముందు ఒక పారదర్శకమైన పూత వేసి, దాని మీద నంబరు రాసి, పైన మరో పూత వేస్తారు. ఎప్పుడైనా తీసేయాలంటే వస్తువుకి మచ్చ పడకుండా తీసేయొచ్చు. ఇంట్లో అంత హంగు అక్కర్లేదు. కొండపల్లి బొమ్మకి అడుగున రంగు వేయని చెక్క కనబడితే అక్కడ మెత్తటి పెన్సిల్‌తో రాస్తాను. మట్టివాటికీ లక్కవాటికీ పాత పంచె అంచు చింపి, దాని మీద నంబరు రాసి మెడకో నడుముకో వదులుగా కడతాను. కొలువులో పెట్టేటప్పుడు వెనక్కి తిప్పేస్తే కనబడదు.

డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు కొడుకు ఇదంతా విని నవ్వాడు. వాడి దగ్గర లెగో మినీఫిగర్లు తొమ్మిది వందలున్నాయి. నాలుగు సెంటీమీటర్ల మనుషులు, తల, జుట్టు, మొండెం, కాళ్ళు వేటికవే ఊడొస్తాయి. "అత్తా, నువ్వింకా పుస్తకంలో రాస్తున్నావా? నాకైతే యాప్‌లో సెట్ నంబరు కొడితే చాలు, అందులో ఏ మనుషులుండాలో, ఎవడి చేతిలో ఏ కత్తి ఉండాలో అన్నీ వచ్చేస్తాయి. లేనిది టిక్ తీసేయడమే" అన్నాడు. చూపించాడు కూడా. నిజంగానే ముచ్చటేసింది. ఆ చిన్న మనిషి ఇప్పుడున్న రూపంలో వచ్చింది 1978లో. అప్పటినుంచీ వచ్చినవాటికి అభిమానులే కూర్చుని జాబితాలు కట్టారు. ఏ ముక్క ఏ ఏడాది ఏ రంగులో వచ్చిందో వెతుక్కోవచ్చు, పోయిన కత్తి ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు. అలా ముక్కలు అమ్ముకునే బ్రిక్‌లింక్ అనే సైటుని 2019లో లెగో కంపెనీయే కొనేసింది.

వాడితో నేను ఒప్పుకోనిది ఒక్కటే. వాడు రాసుకుంటున్నది జాబితా కాదు. జాబితా ఎవరో ముందే రాసిపెట్టారు, వాడు టిక్కులు పెడుతున్నాడు. నా దగ్గరున్న గంగిరెద్దుకి బార్‌కోడ్ లేదు, అరికాలి మీద అచ్చు పడిన ఏడు లేదు, చేసినవాళ్ళ పేరు లేదు. కొండపల్లిలో ఒకే కుటుంబం ఒకే వారంలో చేసిన రెండు గంగిరెద్దులు కూడా ఒకలా ఉండవు. ఒకదాని మూపురం కాస్త ఎత్తు, ఇంకోదాని కన్ను కాస్త మెల్ల. కొండపల్లి బొమ్మలకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చాలా మంచిదే. కానీ అది ఊరికీ పనితనానికీ వచ్చిన గుర్తింపు. మా పెట్టెలో ఉన్న బొమ్మని గుర్తుపట్టాల్సింది మేమే. వాడి యాప్‌లో నా బొమ్మలు పెట్టాలంటే ప్రతిదానికీ "ఇతరములు" అని నొక్కాలి. ప్రయత్నించాం కూడా. ఇరవై ఇతరములు అయ్యాక వాడే నవ్వాడు.

అయితే వాడి దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ముక్కలకి నంబరు. వాడి లెక్కలో మనిషి వేరు, మనిషి చేతిలో కత్తి వేరు. కొండపల్లి బొమ్మకి ఇది బాగా సరిపోతుంది. తేలికైన పొణికి చెక్కతో చేతులు, తలలు, గొడుగులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకే విరిగేటప్పుడు చాలావరకు అతుకు దగ్గరే విరుగుతుంది, ముక్క దొరికితే మళ్ళీ అతుకుతుంది. ఎవరిదో తెలియని చెయ్యి దొరికితే ఏం చేయగలం? మా ఇంట్లో చిల్లర డబ్బాలో అలాంటి చేతులు తొమ్మిది ఉండేవి. ఎవరి ఒంటికి ఏది పెట్టి చూసినా కుదరలేదు. ఇప్పుడు సెట్టుకి ఒక నంబరు, అందులో బొమ్మకి గీత పెట్టి ఇంకో నంబరు. ఊడిన ముక్క ఆ నంబరు రాసిన కవరులోకి పోతుంది.

సెట్టు నంబరు ఎందుకు ముఖ్యమో దశావతారాలు నేర్పాయి. మాకు రెండు సెట్లున్నాయి. ఒకదాంట్లో బలరాముడూ కృష్ణుడూ ఉంటారు, బుద్ధుడు ఉండడు. రెండోదాంట్లో కృష్ణుడూ బుద్ధుడూ ఉంటారు, బలరాముడు ఉండడు. రెండు సంప్రదాయాలూ ఉన్నవే. ఒక ఏడాది రెండు సెట్లూ కలిసిపోయాయి. ఎత్తిపెట్టేటప్పుడు పదీ పదీ లెక్కపెట్టి, సరిపోయాయని పెట్టెలో పెట్టేశాం. మరుసటి ఏడు తీస్తే ఒక సెట్టులో వరాహమూర్తులు ఇద్దరు, కూర్మం లేదు. బుద్ధుడు పక్కనే బలరాముడు. మా అత్తగారు "వీళ్ళిద్దరూ ఒకే వరసలోకి ఎలా వచ్చారు" అని అడిగేదాకా ఎవరం చూసుకోలేదు. లెక్క ఇరవైకి ఇరవై సరిగ్గానే ఉంది.

పాత ఎక్సెల్ షీటులో పదహారు గడులుంటే చిట్టాలో నాలుగే ఉన్నాయని చెప్పాను కదా, ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు ఇంకొకటి చేర్చాం. ఎవరిచ్చారు. ధర గడి తీసేశాను. ఎనభై ఏళ్ళ కిందటి అణాల ధర తెలిసినా దాంతో పనేముంది? ఇచ్చినవాళ్ళ పేరు అలా కాదు. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో తెరిచిన బొమ్మల మ్యూజియంలో వేల బొమ్మలున్నాయి, ఎన్నో దేశాలవి. అదంతా ఎలా మొదలైందంటే ఇప్పటికీ హంగరీ రాయబారి ఇచ్చిన ఒక బొమ్మ గురించే చెప్తారు. ఆ ఇచ్చిన మనిషి గుర్తుండబట్టే కదా ఆ కథ మిగిలింది. మా పింగాణీ బాతులు ఎవరిచ్చారో చెప్పగలిగినావిడ 2013లో పోయారు. ఆ గడి ఖాళీ.

కొన్నిసార్లు పెట్టే దానంతటదే రాసిపెట్టుకుంటుంది. నాలుగో పెట్టె అడుగున ఎవరూ విప్పని పొట్లం ఒకటి దొరికింది. చుట్టిన న్యూస్‌పేపరు విప్పితే ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వార్త. 1983 జనవరి 9న జరిగింది అది. అంటే ఆ ఏడు సంక్రాంతి అయ్యాక చేతికందిన కాగితంతో చుట్టి ఉంటారు. లోపల మట్టితో చేసిన పాముల నరసయ్య, బుట్ట మూత లేదు. మా అత్తగారు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అది తన పెద్దకూతురి మొదటి పేరంటానికి కొన్నదనీ, పగిలిపోయిందనుకుని ముప్పై ఏళ్ళ కిందటే మర్చిపోయాననీ చెప్పారు. పేపరుని మళ్ళీ దాని చుట్టూ చుట్టలేదు. పాత కాగితం పులిసి బొమ్మకి మరకలు పడతాయి. కాగితాన్ని విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టి అదే నంబరు వేశాను.

దిష్టి సంగతి. మా అత్తగారు ఇప్పటికీ మాట మార్చలేదు. ఎన్నున్నాయని ఎవరైనా అడిగితే నన్ను చెప్పనివ్వరు. నేనూ చెప్పడం మానేశాను. మొత్తం ఎంతన్నది నాకు నిజంగానే పట్టదు, ఏది ఎక్కడుందో తెలిస్తే చాలు. అదీగాక చిట్టా రాసే రోజున పేర్లు పైకి చెప్పేది ఆవిడే. "ఇది రాయి, ఇది మా పిన్ని విజయనగరం నుంచి తెచ్చింది. ఇది రాయకు, ఇది దీపావళి టపాకాయల కొట్టువాడు ఊరికే ఇచ్చాడు" అంటారు. నేను రెండూ రాస్తాను. మనవడు పట్టుబట్టి పెట్టించిన ప్లాస్టిక్ భీముడి దగ్గర పెద్ద వాదనే జరిగింది. కొలువులో చేరింది కాబట్టి నంబరు ఇవ్వాల్సిందేనని నేను, అది బొమ్మే కాదని ఆవిడ. చివరికి 116 వేశాం. అట్టడుగు మెట్టు మీద, కుండీ వెనక్కి మాత్రమే అని ఆవిడ షరతు.

ఇక 61. పోయిన ఆకుపచ్చ పెట్టెలో వెళ్ళిపోయిన అంబారీ ఏనుగుది ఆ నంబరు. పోయినవాటికి నంబరు ఎందుకు, వరస చెడగొట్టుకోవడం తప్ప అని మా మేనల్లుడి వాదన. వాడి యాప్‌లో లేనిది లేనట్టే. నేను ఆ గుర్తొచ్చిన పదకొండింటికీ నంబర్లు వేశాను, వాటిని ఇంకో బొమ్మకి ఇవ్వను. 61 కి మరో కారణం కూడా ఉంది. అంబారీ మీద ఉండాల్సిన గొడుగు 2015లో ఊడిపోతే తర్వాత అతుకుదామని కుంకుమ డబ్బాలో వేశారట, అది మాతో పాటే క్షేమంగా విజయవాడ వచ్చింది. మొన్న ముక్కనుమ వెళ్ళిన మర్నాడు కూడా మా అమ్మాయి రాసింది: "61. అంబారీ ఏనుగు. కొండపల్లి. నాయనమ్మగారి అమ్మ కొన్నది. గొడుగు పెట్టె 1, కుంకుమ డబ్బాలో. ఏనుగు లేదు."